తవిటయ్య ముక్కుపుల్ల

చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా, తిరుపతి పట్నంలో కాపురం ఉంటూ జట్కా తోలుకుని బతికే కొత్తకోట సిద్ధయ్య అనే నేను, కొత్తకోట చెంగయ్య కొడుకును, ఏబై ఏళ్ళకు కాస్త అటూ ఇటూగా ఉన్నవాణ్ణి, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ తాగించకుండా రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి మీద అనుమానం ఉన్నవాళ్ళు జట్కా స్టాండులో చాలామంది ఉన్నారు. వాళ్ళ అనుమానం పాతది. దానికీ ఇప్పుడు వచ్చిన జబ్బుకూ సంబంధం లేదు.

జబ్బు కడుపులో గడ్డ. వచ్చే వారం రాయవేలూరులో కోస్తారు. డాక్టరు భయం లేదన్నాడు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, చేతిలో కాగితం చూశాడు. కాగితాలు చూసి మాట్లాడేవాళ్ళతో మూడేళ్ళుగా నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. అందుకే బండి ఎక్కేముందే నా మాటలు రాయించి పెడుతున్నాను.

రాస్తున్నది దస్తావేజుల చక్రపాణి. నేను మూడో క్లాసులో బడి వదిలేసినవాణ్ణి, గుండ్రటి అక్షరాలైతేనే కూడబలుక్కుని చదవగలను. కాబట్టి అక్షరాలు గుండ్రంగా ఉండాలని, మాటకూ మాటకూ నడుమ సందు వదలాలని, ప్రతి దఫా చివర తనకు ఇష్టమైన "సదరు" అనే మాట పెట్టకూడదని షరతు పెట్టాను. "ఇది వీలునామా సిద్ధయ్యా, హరికథ కాదు" అన్నాడు. "రాయి సామీ, పోయేది నేను గదా" అన్నాను. రాస్తున్నాడు.

దఫా 1. నేను కాపురం ఉన్న పెంకుటిల్లు, వెనక గుర్రపు కొట్టం, బావి నీళ్ళలో మా సగం హక్కు, నా భార్య తాయమ్మ తన జీవితాంతం ఎవరి అడ్డూ లేకుండా అనుభవించేది. ఆమె తదనంతరం మా ఒక్కగానొక్క కూతురు పంకజాక్షికి దానవిక్రయాది సర్వహక్కులతో చెందేది. ఈ దఫాలో ఎకసెక్కం ఏమీ లేదు. ఊరందరినీ నవ్వించినవాణ్ణి, తాయమ్మను నవ్వించలేకపోయాను. ఒకే ఒక్కసారి నవ్వింది, అదీ నేను బండి మీంచి బురదలో పడినప్పుడు. ఆమె పడుకునే చోట పైన పెంకు పగిలి ఉంది. వానలు ముదరకముందే దాన్ని మార్పించడం ఈ వీలునామా అమలు జరిపేవాడి మొదటి పని.

దఫా 2. సదరు అమలు జరిపేవాడు (చక్రపాణి ఒక్క సదరు అడుక్కున్నాడు, ఇచ్చాను) లాడాలు కొట్టే ఇమాంసాహెబ్, నా చిన్ననాటి స్నేహితుడు. జట్కా, దాని తోలు పట్టీలు, గౌరి అనే ఆడగుర్రం, ఉలవలు ఉడకబెట్టే పెద్ద కుండ, ఇవన్నీ అతనికే. గౌరికి ఎడమ ముందుకాలికి లాడం కొడితే తంతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, అతని మోకాలికీ తెలుసు. కొత్తకోట వాళ్ళ వీలునామాకు సాహెబు పెద్దేమిటని మా వాళ్ళు అడుగుతారు. అతను మా దాయాది కాడు, అందుకే. మా దాయాదుల్లో ఎవరిని పెట్టినా, తాను ఏ శాఖవాడో చెప్పుకునేసరికే పొద్దు గూకుతుంది.

దఫా 3. ఇది ఆస్తి కాదు, గొడవ. గొడవలు కూడా వారసులకే పోతాయి కాబట్టి దాన్నీ రాయిస్తున్నాను.

పంకజాక్షి ఆడపిల్లల బడిలో టీచరు. మూడేళ్ళ కిందట చిత్తూరు నుంచి వరదమ్మ అనే ఆమె తన కొడుకు రాజారత్నానికి మా పిల్లను అడగడానికి వచ్చింది. అబ్బాయి రేణిగుంట స్టేషన్లో తంతి గుమాస్తా. మనిషి నెమ్మది, కాఫీ ఇస్తే గ్లాసు తానే కడిగి పెడతాడు. పిల్లకు నచ్చాడు, తాయమ్మకు నచ్చాడు, గౌరి కూడా తన్నలేదు. అడ్డం ఒక్కటే. వాళ్ళ ఇంటిపేరు కూడా కొత్తకోటే.

ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస అని మన లెక్క. కానీ కొత్తకోట అనే ఊళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్ని లేవు? ఏ ఊరి నుంచి వలస వచ్చినవాడికి ఆ ఊరే ఇంటిపేరు అయింది. ఒక స్టేషన్లో దిగినవాళ్ళంతా చుట్టాలే అయితే నా బండి ఎక్కినవాళ్ళంతా నాకు బావమరుదులే కావాలి. ఈ మాటే మా పెదనాయన కొడుకు తిరుమలయ్యన్నతో అన్నాను. అన్న మా కొత్తకోట వాళ్ళందరికీ పెద్ద. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి పెన్షన్ పుచ్చుకుంటున్నాడు. "ఉండప్పా, తొందర పడగాకు. తాటాకులు సూసి చెప్తా" అన్నాడు.

తాటాకులంటే మా నాయన భాగంలో నాకు వచ్చిన పాత కట్ట. అన్న స్నానం చేసి, కళ్ళద్దాలు తుడుచుకుని, గీసిన అక్షరాలు పైకి తేలేలా ఆకుల మీద మసీ పసరూ రుద్ది, పీట మీద కూర్చుని చదివాడు. రౌద్రి నామ సంవత్సరంలో కొత్తకోట మునిరత్నం, ఆయన తమ్ముడు గోవిందయ్య, దిగువపల్లెలో బావీ కొట్టమూ మామిడి చెట్లూ పంచుకున్నారని అందులో ఉంది. మేము తద్దినాల్లో చెప్పుకునే ముత్తాత పేరు మునిరత్నం. రాజారత్నం ముత్తాత పేరు గోవిందయ్య. ఇద్దరూ దిగువపల్లె వాళ్ళే. రౌద్రి అంటే 1860 అని అన్న వేళ్ళ మీద లెక్కపెట్టాడు. కుండకు మూత సరిపోయినట్టు అంతా సరిపోయింది.

"సిద్ధా, ఆ పిలగాడు నీకు తమ్ముడి వరస, నీ బిడ్డకు సిన్నాయన. ఈ పెండ్లి జరిగితే నీ ఇంట్లో నీళ్ళు గూడా ముట్టను" అన్నాడు.

వకీలును అడిగాను. ఒకే గోత్రమైనా పెళ్ళి చెల్లుతుందని రెండేళ్ళ కిందటే ఢిల్లీలో చట్టం చేశారట. ఆ మాట అన్నకు చెబితే, "చట్టం వచ్చి పందిట్లో పప్పు వడ్డిస్తాదా?" అన్నాడు. వరదమ్మ కూడా అదే మాట ఇంకో దారిలో చెప్పింది. "మాకు ఇంటిపేరు పట్టింపు లేదన్నా. కానీ మీ పెద్దాయన పందిట్లో కూసోని నాలుగు మెతుకులు తినాల. ఆయన తినకపోతే రేపు పుట్టే బిడ్డల్ని ఊరు తింటాది."

కాబట్టి నా కూతురు పెళ్ళి తిరుమలయ్యన్న నోట్లోకి పోయే అన్నం ముద్ద మీద ఆగి ఉంది. మూడేళ్ళుగా ఆగి ఉంది.

దఫా 4. నా భూతద్దం, ఇత్తడి పిడిది, రాజారత్నానికి. అది ఎందుకు కొన్నానో, దానితో ఏమి చూశానో రాయకపోతే నా కడుపులో గడ్డ ఇంకా పెరుగుతుంది.

అన్న మాట తప్పని నిరూపించాలంటే 1860 నాటి దిగువపల్లె కరణం లెక్కలు చూడాలి. ఊరు చంద్రగిరి పక్కనే. కరణం గారి మనవడు ఉన్నాడు, కాగితాలు అటక మీద వెదురు బుట్టలో ఉన్నాయి. బుట్ట దించడానికి మంచి రోజు చూడాలన్నాడు. మంచి రోజున వెళితే మైల అన్నాడు. మైల పోయాక వెళితే బావమరిది వచ్చాడన్నాడు. మామిడిపండ్ల బుట్ట పట్టుకుపోతే ఆ బుట్ట లోపలికి పోయింది, ఈ బుట్ట కిందికి దిగింది. అప్పుడైనా ఇంట్లోకి రానిచ్చాడా, అరుగు మీదే చూసుకోమన్నాడు. వాన జల్లు కొడుతుంటే కాగితాలు పొట్ట కింద పెట్టుకుని, వీపు తడుపుకుంటూ కూర్చున్నాను.

ఇక ఆ రాత. గొలుసుకట్టు అంటారు దాన్ని. పై నుంచి కింది దాకా కలం ఎత్తకుండా రాశాడు మహానుభావుడు, కలం ఎత్తితే సర్కారు జీతం కోస్తుందేమో. మాటకూ మాటకూ సందు లేదు, వాక్యానికి కొస లేదు. ఎద్దు నడుస్తూ ఉచ్చ పోసిన గీత దీనికంటే నయం, అది ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఒక పేరు చదవడానికి ఒక పూట పట్టేది. పూటంతా పడి చదివితే అది మనిషి పేరు కాదు, చేను పేరు. చెదలకు కూడా చదువు వచ్చినట్టుంది. పన్ను బాకీ అంకెలన్నీ చక్కగా వదిలిపెట్టి, "తండ్రి పేరు" అన్న చోట మాత్రం తిన్నాయి.

ఆడవాళ్ళ సంగతి సరేసరి. మా వంశంలో ఏ తరం తీసినా ఇంటావిడకు ఒకటే పేరు, "భార్య". మగవాళ్ళు పుడుతున్నారు, పోతున్నారు, ఈ భార్య అనే ఆవిడ మాత్రం వందేళ్ళుగా చావకుండా వంట చేస్తూనే ఉంది.

రాజారత్నం ఆదివారాలు సెలవు చూసుకుని వచ్చి కాగితాలు చదివిపెట్టేవాడు. తంతి చుక్కలూ గీతలూ చదివే కళ్ళు కాబట్టి నాకంటే తొందరగా పట్టేశాడు. కొన్ని కాగితాలు మామిడిపండ్ల రెండో బుట్ట పుణ్యమా అని ఇంటికే తెచ్చుకున్నాం. పంకజాక్షి కిటికీ దగ్గర వెలుతురుకు కాగితం పట్టుకునేది, అతను ఆ కాగితంలోకి చూసేవాడు. చాలా రోజులు నా పూర్వీకుల మీద ఇంత భక్తేమిటా అనుకున్నాను. తాయమ్మ, "కాగితం తలకిందులుగా ఉండాది, సూడు" అని చెవిలో చెప్పేదాకా నాకు తట్టలేదు. ఎకసెక్కాలకు పేరు పడ్డ నన్ను ఇద్దరు పిల్లలు ఎండాకాలమంతా ఆడించారు. భూతద్దం రాజారత్నానికి ఇవ్వడానికి అసలు కారణం అది.

దఫా 5. తవిటయ్య ముక్కుపుల్ల, ఎర్రరాయి పొదిగింది, పంకజాక్షికి.

ఇది ఎలా దొరికిందో చెప్పాలి. 1860 నుంచి అటు పది, ఇటు పది ఏళ్ళ లెక్కలన్నీ గాలించాం. దిగువపల్లెలో కొత్తకోట గోవిందయ్య ఉన్నాడు. మా మునిరత్నం మాత్రం లేడు. పన్ను కట్టినవాళ్ళలో లేడు, ఎగ్గొట్టినవాళ్ళలో లేడు, బావి తవ్వినవాళ్ళలో లేడు. ఎక్కడ చూసినా కొత్తకోట తవిటయ్య అని ఒకడు అడ్డం వచ్చేవాడు. తవిటయ్య పొలం, తవిటయ్య ఎద్దులు, తవిటయ్య తగాదా. నాకు ఒళ్ళు మండింది. జట్కా స్టాండులో వాడి మీద కథలు కట్టాను. తవిటయ్య గారి తమ్ముడు పొట్టయ్య అని, చెల్లెలు నూకమ్మ అని, వాళ్ళింట్లో కోళ్ళకు తప్ప ఎవరికీ కడుపు నిండదని. అందరూ విరగబడి నవ్వారు. ఇమాంసాహెబ్ అయితే సుత్తి కింద పెట్టి మరీ నవ్వాడు.

అదే కథ చెప్పి మా మేనత్త నాగులమ్మను కూడా నవ్విద్దామని చంద్రగిరి పోయాను. అత్తకు ఎనభై దాటాయి. కొత్తకోట వాళ్ళలో ఇప్పుడు బతికున్న అందరికంటే పెద్ద ఆమే. కథ అంతా విన్నది, నవ్వలేదు. లేచి గోడ పట్టుకుని లోపలికి పోయి, పసుపు డబ్బాలో నుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. చూస్తే ముక్కుపుల్ల.

"నవ్వింది సాలు గానీ, కండ్లకద్దుకో. మీ ముత్తాతది అది" అన్నది.

మగవాడికి ముక్కుపుల్లేమిటత్తా అన్నాను. అప్పుడు చెప్పింది. మా ముత్తాతకు ముందు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారట. ఈయన పుట్టగానే తల్లి చాటలో పడుకోబెట్టి, పక్కింటామెకు చేరెడు తవుడుకు అమ్మేసి, మళ్ళీ ఆ తవుడే ఇచ్చి కొనుక్కుందట. ముక్కు కుట్టించిందట. విలువ లేని బిడ్డ అనుకుని యముడు చూడకుండా పోవాలని. అట్లా తవిటయ్య అయ్యాడు. వాళ్ళ తాత పేరు మునిరత్నం కాబట్టి, తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ప్రకారం అది కూడా పెట్టారు. కానీ ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళు లేరు. ఆయన పోయాక పురోహితుడు తద్దినంలో తవిటయ్య అనడం బాగుండదని మునిరత్నం అన్నాడు. అదే మాకు మిగిలింది.

"నేను సిన్నప్పుడు ఆయప్ప వొళ్ళో కూసోని ఈ పుల్ల పట్టుకోని లాగేదాన్ని. ఒంటి కొడుకురా ఆయప్ప. తోడబుట్టినోళ్ళు ఎవురూ బతకలా. తమ్ముడు యాడినుంచి వచ్చినాడు?" అన్నది అత్త.

నేను జట్కా స్టాండులో ఎవరి మీద నవ్వించానో అప్పుడు తెలిసింది. ముక్కుపుల్ల కళ్ళకద్దుకున్నాను. ఆ తల్లి పేరేమిటత్తా అని అడిగాను. అంత తెలివిగల ఆవిడ పేరు అత్తకు కూడా తెలియదు. కరణం కాగితంలో "భార్య" అని ఉంది.

పంకజాక్షీ, ఇది నీ ముక్కుకు పెద్దదవుతుంది. పెట్టుకోకపోయినా పరవాలేదు. నీకు పుట్టే కొడుక్కి తవిటయ్య అని పేరు పెట్టమని కూడా నేను అడగను. బడిలో పిల్లలు ఏడిపిస్తారు, నేను బతికుంటే నేనే ముందు ఏడిపిస్తాను. ఊరికే దాచుకో.

దఫా 6. ఈ దఫా తిరుమలయ్యన్నకు. నాలుగుసార్లు నోటితో చెప్పబోయాను, నాలుగుసార్లూ సగంలోనే ఆపేశాడు. అందుకని రాయిస్తున్నాను.

అన్నా, మన సంవత్సరాల పేర్లు అరవై. అరవై అయిపోతే మళ్ళీ అవే వస్తాయి. తాటాకులో రౌద్రి అని మాత్రమే ఉంది. ఏ రౌద్రో చెప్పే అంకె ఉండాల్సిన కొసను చెదలు తినేశాయి. నువ్వు 1860 అన్నావు. దానికి ముందు రౌద్రి 1800లో వచ్చింది. మన పేర్లు కూడా సంవత్సరాల లాంటివే. తాత మునిరత్నం, మనవడు మునిరత్నం. సంవత్సరాలూ తిరుగుతాయి, పేర్లూ తిరుగుతాయి, నా బండి చక్రం కూడా ఇంత తిరగదు. 1860లో ఉన్న మన ముత్తాతను ఊరంతా తవిటయ్య అన్నది, కరణం తవిటయ్య అనే రాశాడు, ఆయనకు తమ్ముడు లేడు. కాబట్టి తమ్ముడితో బావి పంచుకున్న మునిరత్నం ఆయన కాడు. ఆయన తాత. ఆ పాత గోవిందయ్య వేరు, రాజారత్నం ముత్తాత వేరు.

ఇంకొకటి. కరణం లెక్కల్లో ఒక్కొక్క పేరు పక్కన ఆ మనిషి ఎక్కడివాడో ఉంది. తవిటయ్య పక్కన "ఊరి కాపు" అని, గోవిందయ్య పక్కన "పాయకారి" అని. పాయకారి అంటే పై ఊరి నుంచి వచ్చి సేద్యం చేసుకునేవాడని కచేరీలో పని చేసిన నీకు నేను చెప్పాలా? మనవాళ్ళు తరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఆయన నిన్న మొన్న వచ్చినవాడు.

దీనికి నువ్వేమన్నావు? "పాత గోవిందయ్య యాడికో పోయి ఉంటాడు, ఆయన మనవడు తిరిగి వచ్చి ఉంటాడు. కాదని రాసి ఉండాదా?" అన్నావు. కాదని ఎవరైనా రాస్తారా అన్నా? దిగువపల్లెకు ఏనుగు రాలేదని కూడా కరణం ఎక్కడా రాయలేదు. ఇద్దరు మనుషులు చుట్టాలు కారని ఈ భూమి మీద ఏ కాగితంలోనూ ఉండదు. మూడేళ్ళు కళ్ళు పోగొట్టుకుని నేను నేర్చుకున్న చదువు అంతే.

నిజం చెప్పనా? నీకు గోవిందయ్య మీద పట్టింపు లేదు. నాగులమ్మత్త మాట నీకు చెప్పిన రోజు నీ మొహం చూశాను. "మన వంశంలో తవిటయ్యా? నోరు మూసుకో సిద్ధా, ముక్కుపుల్ల ఆడోళ్ళది" అన్నావు. బావీ మామిడి తోటా పంచుకున్న మునిరత్నం కావాలి నీకు. చేరెడు తవుడుకు అమ్ముడుపోయినవాడు వద్దు. నా రౌద్రి ఒప్పుకుంటే తవిటయ్యను ఒప్పుకోవాలి, అదీ నీ బాధ. కానీ అన్నా, ఆవిడ ఆ రోజు చాట పట్టుకుని పక్కింటికి పోకపోతే నువ్వు లేవు, నేను లేను, మన తాలూకా కచేరీ లేదు. కొత్తకోట వంశం మొత్తం చేరెడు తవుడుకు కొన్న సరుకు. చవగ్గా వచ్చామని సిగ్గెందుకు?

దఫా 7. అన్నా, పై తాటాకుల కట్ట మీద నీకు ఎప్పటి నుంచో కన్నుందని తెలుసు. దాన్ని నీకే రాస్తున్నాను, ఒక షరతుతో. పంకజాక్షి పెళ్ళి పందిట్లో, తాంబూలం పళ్ళెంలో పెట్టి ఇమాంసాహెబ్ దాన్ని నీకు అందిస్తాడు. నువ్వు ఆకు ముందు కూర్చుని భోజనం చేసి లేచాకే అది నీది. నాలుగు మెతుకులు కాదు, నీకు ఇష్టమైన పులిహోర రెండో మారు వడ్డించాక. రాకపోతే ఆ కట్టను గౌరికి ఉలవలు ఉడకబెట్టే పొయ్యిలో పెట్టమని ఇమాంసాహెబ్‌కు చెప్పాను. పాత తాటాకు బాగా మండుతుంది. అతను మాట తప్పే మనిషి కాడు, గౌరి ఆకలి ఆపుకునే గుర్రం కాదు.

దఫా 8. నా చిల్లర వస్తువులు. గొడుగు, కొత్తది, దిగువపల్లె కరణం గారి మనవడికి. ఇంటికి వచ్చినవాడిని వానలో అరుగు మీద కూర్చోబెట్టినప్పుడు కనీసం అది ఇవ్వాలి. నా కొరడా ఎవరికీ ఇవ్వవద్దు, గౌరి దాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు, కొత్తవాళ్ళు దాన్ని నమ్ముకుంటే మోసపోతారు. నాగులమ్మత్తకు నా రగ్గు. జట్కా స్టాండులో నా చోటు, వేపచెట్టు నీడ పడేది, ముందు వచ్చినవాడిది.

దఫా 9. రాయవేలూరు నుంచి నేను కట్టెగా తిరిగి వస్తే, కొడుకు లేడు కాబట్టి కర్మ చేయాల్సింది తిరుమలయ్యన్న పెద్దకొడుకు. పక్కన నిలబడి పేర్లు అందించేది అన్న. నన్ను నా పైవాళ్ళలో కలిపేటప్పుడు మూడు పేర్లు చెబుతారు. మా నాయన, మా తాత, మా ముత్తాత. నా తర్వాత మా ముత్తాత పేరు ఎవరి కర్మలోనూ పైకి రాదు, మూడు తరాలు దాటిపోతాడు. అన్నా, నీ కర్మలో వస్తుందనుకో, కానీ నువ్వు చెప్పించవు. కాబట్టి ఆఖరిసారి నా దగ్గరే. అక్కడ మునిరత్నం అనవద్దు. తవిటయ్య అనండి. బతికినన్నాళ్ళూ ఆ పేరుకు పలికిన మనిషి ఇంకో పేరుతో పిలిస్తే లేచి వస్తాడా?

దఫా 10. ఈ వీలునామాకు ఇద్దరు సాక్షులు. ఒకరు పక్కింటి పూలంగడి దొరస్వామి. రెండోవాడుగా తిరుమలయ్యన్ననే పిలిపించాను. సాక్షి అన్నవాడు నా సంతకం చూస్తే చాలు, లోపల ఉన్నది చదవనక్కర్లేదని చక్రపాణి చెప్పాడు. కానీ అన్న సంగతి నాకు తెలుసు. చదవకుండా దేనికీ సంతకం పెట్టడు. రైలు టిక్కెట్టు వెనక ఉన్నది కూడా చదివేదాకా పెట్టె ఎక్కడు. నోటితో చెబితే వినని మనిషి కోసమే ఇదంతా గుండ్రటి అక్షరాల్లో, సందులు వదిలి రాయించాను. అన్నా, ఇక్కడిదాకా వచ్చావంటే మొత్తం చదివావు. ఇక నువ్వు వినలేదని అనలేవు.

దీనికి ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. పైన ఉన్నదంతా చక్రపాణి చదివి వినిపించగా విని, రెండు చోట్ల నేనే నవ్వి, సమ్మతించి సంతకం చేశాను.

సర్వధారి నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ సప్తమి, సోమవారం. వెనక వచ్చేవాళ్ళకు మనవి, ఇది 1888లో వచ్చిన సర్వధారి కాదు, 2008లో రాబోయేది కాదు. 1948వ సంవత్సరం, జూన్ నెల 14వ తేదీ, తిరుపతి.

(సంతకం) కొత్తకోట సిద్ధయ్య
జట్కా స్టాండులో ఎకసెక్కాల సిద్ధయ్య. రెండూ ఒక మనిషే.

రాసినవాడు: దస్తావేజుల చక్రపాణి. దఫాల్లోని మాటలకు నా బాధ్యత లేదు.

సాక్షులు:

1. పూలంగడి దొరస్వామి. సిద్ధయ్య నా ఎదుట సంతకం చేసినాడు.

2. కొత్తకోట తిరుమలయ్య, తాలూకా కచేరీ గుమాస్తా, పెన్షన్. పై దస్తావేజు మొదటి నుంచి చివరి వరకు రెండు మార్లు చదివినాను. దఫా 6లోని రౌద్రి సంగతి నాకు సమ్మతం కాదు. రౌద్రి 1860 యే. దఫా 7లో తాటాకులు పొయ్యిలో పెట్టే పని పడదు, పందిట్లో భోజనానికి కూర్చుంటాను, తాంబూలం నా చేత్తోనే ఇస్తాను. దఫా 9లోని పేరు నా నోట వచ్చేది కాదు. సిద్ధా, నాతో ఆ పేరు చెప్పించే పని పెట్టగాకు. కోయించుకోని మర్యాదగా తిరిగి రా.